మందులు అయిపోయాయి

రాజ్‌కిశోర్ నగర్, బిలాస్‌పూర్
జులై 2023

భాను వదినకి,

చాలా ఏళ్ళుగా నిన్నొక మాట అడగాలనుకుంటూ మానేస్తున్నాను. మీ అన్న వేణు బావ నన్ను చేసుకోనని చెప్పిన రోజున, తన ఒంట్లో ఏముందో అతనికి అప్పటికే తెలుసా?

తెలిసి వద్దన్నాడంటే ఒక అర్థం. తెలియకుండానే వద్దన్నాడంటే ఇంకో అర్థం. మా ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసి, కూతురు భవితను కాలేజీలో చేర్పించాక కూడా ఈ రెండు అర్థాల మధ్య ఊగుతున్నానంటే నవ్వుతావేమో. నిన్న ఆసుపత్రి బెంచీ మీద బావ పక్కన కూర్చున్నప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. జవాబు రాయాలనిపిస్తే రాయి. లేకపోతే చూడనట్టు వదిలెయ్.

ఆసుపత్రి ఎందుకంటే, బావ మెడ పక్కన గడ్డ లేచింది. చాన్నాళ్ళుగా సాయంకాలం జ్వరం వస్తున్నా డ్యూటీకి పోతూనే ఉన్నాడు. సిగ్నల్ ఆఫీసులో వాళ్ళు, "వేణుగోపాల్ సాబ్ సన్నబడ్డారు, యోగా చేస్తున్నారా" అంటే అవునన్నాడట. చివరికి నేనే లాక్కెళ్ళాను. గడ్డలోకి సూది పెట్టి తీసి పరీక్ష చేశారు. టీబీ. హెచ్ఐవీ ఉన్నవాళ్ళని ఇది త్వరగా పట్టుకుంటుందట. ఆ మాట నా చేత్తో కాగితం మీద రాయడం ఇదే మొదటిసారి వదినా. రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

హెచ్ఐవీ మాత్రలు ఏళ్ళ తరబడి వాడుతున్నాడని మనం నిశ్చింతగా ఉన్నాం కదా. ఈ మధ్య ఎగ్గొడుతున్నాడట. డాక్టరు కసిరితే స్కూలు పిల్లాడిలా తల వంచుకున్నాడు. ఇప్పుడు అవీ ఇవీ కలిపి వాడాలి. టీబీవి ఆరు నెలలు. అవి బతికినన్నాళ్ళూ.

బయటికొచ్చాక రిక్షా ఎక్కబోతూ, "నువ్వూ భానూ అమ్మకి టీబీ అని చెప్పీండి. రెండోదొద్దు," అన్నాడు. సరేనని మాటిచ్చాను. నీ తరఫున కూడా ఇచ్చేశాను.

ఇదంతా ఫోన్లో ఎందుకు చెప్పడం లేదో నీకు తెలుసు. మీ ఇంట్లో ఫోను అత్త చెవి పక్కనే ఉంటుంది. మా ఇంట్లో నా ఫోను భవిత చేతిలో ఉంటుంది. తెలుగు ఉత్తరం మాత్రం ఇక్కడ భోజనాల బల్ల మీద పరిచిపెట్టినా చదివేవాళ్ళు లేరు. మా ఆయన ఇక్కడే పుట్టి హిందీ మీడియంలో చదివిన మనిషి, కూడబలుక్కుని దుకాణం బోర్డు దాకా వస్తారు. భవితకి అక్షరాలే రావు. నేను వాల్తేరులో తత్వశాస్త్రం ఎం.ఏ. చదివినందుకు మిగిలిన లాభం ఇదొక్కటే, నా ఇంట్లో నాకంటూ ఒక తాళం ఉంది. నువ్వు మా ఇంటికే రాయి. నేను నీ స్కూలు చిరునామాకి రాస్తాను.

మాధవి

*

బొబ్బిలి
ఆగస్టు 2023

మాధవీ,

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో అందింది. మా హెడ్మాస్టరు దాన్ని పైకెత్తి చూపించి, ఈ కాలంలో ఉత్తరాలు రాసుకునేది ప్రేమికులూ కోర్టువాళ్ళూనే, మీరెందులోకి వస్తారు టీచరుగారూ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, బాత్రూములోకి పోయి చదువుకున్నాను.

అమ్మకి చెప్పాను, సగం. చెప్పేముందు చాలా భయపడ్డాను కానీ ఆమె అంత భయపడలేదు. టీబీ అంటే ఆమెకి తెలిసిన జబ్బే. అక్కడ అన్నయ్య క్వార్టర్ల వెనక లైన్లో అప్పలనర్సమ్మగారికి వచ్చింది, తగ్గింది, ఆ తర్వాత ఇద్దరు పిల్లల్ని కన్నది కూడానట. "టీబీయే కదేటి. మందులున్నాయి కదేటి," అని తనకి తనే చెప్పుకుంది. ఆ మందులయ్యేసరికి పైడితల్లమ్మకి చీర పెడతానని మొక్కుకుంది. చోడిపిండీ, ఎండు నెత్తళ్ళూ మూట కట్టి కోర్బా బండిలో తెలిసిన టీటీ చేత పంపించింది. అందాయా?

రెండోది మాత్రం ఎప్పటికీ వద్దు మాధవీ. ఆమె తట్టుకోలేదని కాదు, అమ్మ దేన్నయినా తట్టుకుంటుంది. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి అన్నయ్య. ఎప్పుడైనా ఇక్కడికొస్తే, ఆ వయసులో, అమ్మ కాళ్ళ దగ్గర చాప మీద పడుకుని టీవీ చూస్తాడు. ఆమె చెయ్యి అతని జుట్టులో ఉంటుంది. ఆ చెయ్యి తీసేస్తే అతనికింకేం మిగలదు. నాకు తోచింది ఇది.

నీ మొదటి ప్రశ్న చూశాను. వదిలెయ్యమన్నావు కనక వదిలేశాను.

భాను

*

బిలాస్‌పూర్
అక్టోబరు 2023

వదినా,

మూట అందింది. మొదట్లో బావ పెట్టింది పెట్టినట్టు కక్కేవాడు, ఇప్పుడు చోడిజావ నిలుస్తోంది. గడ్డ తగ్గింది. టీబీ మాత్రలు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది కదా, మొదటిరోజు కంగారుపడి నాకు ఫోను చేసి, "మాధవీ, హోమ్ సిగ్నల్ ఎర్ర పడిపోనాది. ఇంక బండి లోపలికి రాదు," అన్నాడు. కాలేజీ వరండాలో నిలబడి నేను ఎంత నవ్వానంటే, పక్కనున్న మేడమ్‌లు ఎవరి జోకు అని అడిగారు. మా బావ అని చెప్పాను. ఆ తర్వాత క్లాసులో మనసు నిలవలేదు.

ఒక చిక్కుంది, నువ్వు కూడా తెలుసుకోవాలి. టీబీ మందు హెచ్ఐవీ మందు బలాన్ని లాగేస్తుందట. అందుకని పొద్దున వేసుకునే హెచ్ఐవీ మాత్రకి తోడుగా సాయంకాలం ఇంకొకటి అదనంగా ఇచ్చారు. టీబీ మందులు ముగిసిన కొన్నాళ్ళకి ఆ సాయంకాలం మాత్ర ఆగిపోతుంది. పొద్దుటిది మాత్రం ఎన్నడూ ఆగకూడదు. బావకి ఇది పదిసార్లు చెప్పారు. పదిసార్లూ అచ్ఛా అన్నాడు.

అక్కడొక కౌన్సెలర్ అమ్మాయి ఉంది, ఛత్తీస్‌గఢీ యాసతో నెమ్మదిగా మాట్లాడుతుంది. రెండూ కలిసి వచ్చినవాళ్ళు ఏమవుతారని ఒకరోజు బావ లేనప్పుడు అడిగాను. దాచలేదు. కొందరు మొదటి నెలల్లోనే చనిపోతారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు ముఖ్యంగా. కొందరు కాస్త బాగుండగానే కనబడకుండా పోతారు. మిగిలినవాళ్ళు ఒడ్డున పడతారు, అయితే అందరికీ 'నయమైంది' అని రాయరట. బావలాంటివాళ్ళకి 'పూర్తయింది' అని రాస్తారు. మొదట కళ్ళెలో పురుగు కనిపించి, చివర కనిపించకపోతేనే నయమైనట్టు. బావకి వచ్చింది గడ్డలో, కళ్ళెలో పురుగు మొదటినుంచీ లేదు. లేనిది పోయిందని ఎలా రుజువు చేస్తారు? అందుకని మందులన్నీ మింగాడు అని మాత్రం రాస్తారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది, నచ్చినందుకు చిరాకూ వేసింది. నేను వినాలనుకున్నది ఇంకో మాట.

పోయిన నెల మా ఎదుటి బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఈసారి రాలేదు. ఏమయ్యారని లోపల అడగబోతే బావ నా చెయ్యి నొక్కి ఆపాడు.

ఆ చెయ్యి నొక్కడం గురించి కూడా ఇంటికొచ్చి ఆలోచించాను చూడు. అలసిపోయాను వదినా. నా ఆలోచనలతోనే ఎక్కువ అలసిపోయాను.

మాధవి

*

బొబ్బిలి
డిసెంబరు 2023

మాధవీ,

ఇక్కడ పరీక్షల హడావుడి. రెండు ముక్కలే రాస్తాను.

అమ్మ రోజూ ఒకటి అడుగుతోంది. రైల్వే ఆసుపత్రి ఇంటి పక్కనుండగా వేణు అంత దూరం పెద్దాసుపత్రికి ఎందుకు పోతున్నాడు? అక్కడ మంచి డాక్టరున్నాడని చెప్పాను. ఆ డాక్టరు పేరేమిటి? పేరు పెట్టాను. తెలుగాయనా? అవునన్నాను. ఏ ఊరు? రాజాం. ఇప్పుడు అమ్మ రాజాంలో ఆ డాక్టరుగారి బంధువుల కోసం వాకబు చేస్తోంది. ఒక అబద్ధం చెప్పడం కష్టం కాదు, దానికి ఊరూ ఇంటిపేరూ కల్పించి పెంచాల్సి రావడం కష్టంగా ఉంది.

మందులు ఎప్పుడవుతాయి?

భాను

*

బిలాస్‌పూర్
జనవరి 2024

వదినా,

ఆరు నెలలూ గడిచాయి. 'పూర్తయింది' అని రాశారు. బావ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "నాకేదో రిటైర్మెంటు ఆర్డరిచ్చినట్టున్నాది," అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. నేను కాలేజీకి వెళ్ళే దారిలోనే నీ ఫోనుకి మెసేజీ పెట్టాను, 'బావ మందులు అయిపోయాయి' అని. అత్తకి వెంటనే చదివి వినిపించి ఉంటావు. ఎలా ఉంది?

సెలవు పెట్టి వచ్చే నెల మీ దగ్గరికి వస్తున్నాడు. ఒక నెలైనా ఉంచుకోండి. తెల్ల డబ్బా ఒకటి తెచ్చుకుంటాడు. అది పొద్దుటి మాత్ర, ఆగకూడనిది. అత్త అడిగితే బలానికి అని చెప్పు.

నా ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదని గుర్తు చేయడం లేదు. ఏమో, చేస్తున్నానేమో. ఈ ఆరు నెలలూ అతని పక్కన కూర్చుని నేను నమ్మడం మొదలుపెట్టిన సంగతి ఒకటుంది. తెలిసే వద్దన్నాడు. నన్ను కాపాడటానికే వద్దన్నాడు. భవిత చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు, ఎందుకని పట్టుబడితేనే కదా నాకు ఆ సంగతి చెప్పాడు. పరాయి బిడ్డనే ముట్టుకోవడానికి జంకినవాడు, పెళ్ళి విషయంలో ఎంత ఆలోచించి ఉంటాడు? అలా అనుకుంటే ఆ బెంచీ మీద కూర్చోవడం నాకు తేలికయింది.

మాధవి

*

బొబ్బిలి
జూన్ 2024

మాధవీ,

ఈ ఉత్తరం రాయాల్సింది మార్చిలో. రాయలేదు.

నీ మెసేజీ చదివింది నేను కాదు. ఫోను వంటింట్లో ఉంది, మా ఆయన చదివి వినిపించారు. 'బావ మందులు అయిపోయాయి.' నువ్వు టీబీ మందులు అని రాయలేదు. రాయాలని నీకూ తోచలేదు, దిద్దాలని నాకూ తోచలేదు. అమ్మ వీధి వీధంతా తిరిగి మావాడి మందులైపోనాయి అని చెప్పుకుంది. విజయనగరం వెళ్ళి చీర పెట్టింది. అన్నయ్య వచ్చిన రోజున పరమాన్నం వండింది. మర్నాడు పొద్దున్నే అతను తెల్ల డబ్బా తీస్తుంటే చూసి, "మందులైపోనాయి కదేటి. మరి ఈ డబ్బా ఏటి?" అంది.

నేను పక్కనే ఉన్నాను. బలానికి అనాల్సింది నేనే, నువ్వు రాశావు కూడా. నోరు తెరిచేలోపే అన్నయ్య నవ్వి, "పాతదమ్మా, ఖాళీది," అన్నాడు. డబ్బా సంచీలో పడేశాడు. ఆ తర్వాత దాన్ని తియ్యగా నేను చూడలేదు. ఒకసారి పెరట్లో అడిగాను. "ఒక్క నెల ఉండనీవే. మందుల్లేని మనిషి ఎలాగుంటాడో మర్చిపోనాను," అన్నాడు. ఏమనను? అమ్మ కాళ్ళ దగ్గర పడుకుని ఉన్నాడు, ఒంటికి కండ పట్టింది, నవ్వుతున్నాడు. ఒక్క నెలే కదా, అక్కడికెళ్ళాక మళ్ళీ మొదలుపెడతాడు అనుకున్నాను. నీకు రాస్తే నువ్వు వెంటనే ఏదో ఒకటి చేస్తావని కూడా అనుకున్నాను. అందుకే రాయలేదు.

ఇప్పుడు జ్వరమూ దగ్గూ అని ఫోను వచ్చింది. అమ్మ ఆగడం లేదు. బిలాస్‌పూర్ మందులు పని చెయ్యలేదట, పార్వతీపురం దగ్గర పసరు ఇచ్చేవాడున్నాడట, వెళ్ళి కొడుకుని తెచ్చుకుంటుందట. ఆదివారం బండికి టికెట్టు తీయించింది. తిరుగు టికెట్లు ఇద్దరికీ తీయించింది. నేను ఆపలేకపోయాను. నువ్వు చూసుకో. అతన్ని మాత్రం ఎక్కనివ్వకు.

ఇంకొకటి. నీ జనవరి ఉత్తరం నా పుస్తకాల సంచీలోనే ఉంది, చదివినప్పుడల్లా మనసు పాడవుతోంది. ఇన్ని అబద్ధాలు మోస్తున్నాను, ఇదొకటి నావల్ల కాదు. అన్నయ్యకి అప్పటికి తెలియదు మాధవీ. నీ పెళ్ళయిన తర్వాత వచ్చిన వానల్లో, నా కాన్పుకి రక్తం ఇవ్వబోతే బయటపడింది. నేను ఆ ఆసుపత్రిలోనే మంచం మీదున్నాను, నాకు తెలుసు. నిన్ను వద్దన్నది దానికి కాదు. అప్పట్లో అమ్మ తిట్టి కారణం అడిగితే, "మాధవి మాటాడుతుంటే పరీక్ష రాస్తున్నట్టుంటాది, రోజూ ఎవులు రాస్తారు," అన్నాడు. అంతే. పెద్ద కారణమేం లేదు.

నీకు కష్టంగా ఉంటుంది. కోపంతో రాయలేదు, ఓపిక లేక రాశాను.

భాను

*

బిలాస్‌పూర్
జూన్ 2024

వదినా,

అత్తకి చెప్పేశాను.

ఫోన్లో ఈ మాట అనగానే నువ్వు పెట్టేశావు. అందుకే రాస్తున్నాను.

ఆమె వచ్చేసరికే బావ మంచం మీద ఉన్నాడు. ఈసారి గడ్డ కాదు, ఊపిరితిత్తులు. కళ్ళెలో పురుగు కనిపించింది. టీబీ మళ్ళీ వచ్చింది. మళ్ళీ మొదటినుంచీ మందులు మొదలుపెట్టాలి, హెచ్ఐవీవి కూడా. బొబ్బిలి వెళ్ళినప్పటినుంచి ఒక్క మాత్రా వేసుకోలేదని అతనే ఒప్పుకున్నాడు. తిరిగొచ్చాక మొదలుపెడదామనుకున్నాడట, ఆసుపత్రిలో ఏమంటారోనని సిగ్గేసిందట. ఆ కౌన్సెలర్ అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. మాత్రలు ఇచ్చింది. క్వార్టర్‌కి తెచ్చి కిటికీలో పెట్టాడు. వేసుకోలేదు.

నేను వెళ్ళేసరికి అత్త అతని బట్టలు సంచీలో సర్దుతోంది. అతను దగ్గుతుంటే పక్కనే కూర్చుని కొంగుతో మూతి తుడిచింది. గుడ్డ అడ్డం పెట్టుకోమన్నాను, కిటికీ తీశాను. వినిపించుకోలేదు. కన్నకొడుకు దగ్గితే తల్లి మొహం తిప్పుకుంటుందా అంది. బావ నా వైపు చూసి, "ఎల్లిపోతాను మాధవీ. అక్కడ బాగుంటాది," అన్నాడు. బాగవుతుంది అనలేదు, బాగుంటుంది అన్నాడు. ఆ మాటలో తేడా నాకు తెలిసింది.

అత్తని వంటింట్లోకి పిలిచాను. టీబీ తగ్గక కాదత్తా, ఇంకొక మందు ఆపినందుకు మళ్ళీ వచ్చింది అన్నాను. ఏ మందు అంది. చెప్పాను. జబ్బు పేరుతో సహా చెప్పాను. ఆమె గిన్నె మీద మూత పెడుతూ ఆగిపోయింది. ఏం చేస్తే వచ్చిందని అడగలేదు. మూత పెట్టేసి, "నీకు తెల్సు. బానుకి తెల్సు. కన్నదానికి తెల్దు," అంది.

ఇంకొకటి కూడా అడిగింది. "అంటుకుంటాదా?"

ముట్టుకుంటే అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు అన్నాను. అంటేది దగ్గులో ఉన్న టీబీ, అదీ మందు మొదలుపెట్టి కొన్ని వారాలు గడిస్తే చాలావరకు అంటదు అన్నాను. ఆమె అచ్ఛా అంది. బయటికెళ్ళి సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. కిటికీలో మాత్రలు తీసి, నీళ్ళ గ్లాసుతో అతని ముందు నిలబడింది. అతను అమ్మ మొహం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. మాత్రలు వేసుకున్నాడు.

తిరుగు టికెట్లు రద్దు చేయించాను.

మాధవి

*

బొబ్బిలి
జులై 2024

మాధవీ,

ఆ రోజు సాయంత్రం అమ్మ ఫోను చేసింది. బండ్ల చప్పుడు వినిపిస్తోంది, క్వార్టర్ వెనక గూడ్సు పోతున్నట్టుంది. చివరికి, "బానూ, బియ్యం డబ్బాలో పురుగు పట్టిందేమో చూడు," అంది. చూస్తానన్నాను. పెట్టేసింది.

నువ్వు చెప్పకపోయి ఉంటే ఆమె అన్నయ్యని తెచ్చేసి ఉండేది, పసరు పోయించి ఉండేది, అతను కాదనకుండా తాగి ఉండేవాడు. వానలు వెళ్ళేలోపు మనకి అన్నయ్య ఉండేవాడు కాదు. ఎక్కనివ్వకు అని రాసింది కూడా నేనే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా నీ మీద కోపం పోలేదు, పోవడానికి ఎంత కాలం పడుతుందో తెలియదు. నోరు విప్పాల్సిన చోట విప్పనిది నేను, విప్పకూడని చోట విప్పింది నువ్వు. ఇద్దరం కలిసి అతన్ని ఇలా చేశాం.

అదలా ఉంచు. ఒక్కటి అడుగుతాను, దీనికి మాత్రం జవాబు రాయి. నేను జూన్‌లో రాసిన ఉత్తరం అందిందో లేదో నువ్వు ఎక్కడా రాయలేదు. పరీక్ష రాస్తున్నట్టుంటుందని అన్నయ్య అన్న సంగతి రాసిన ఉత్తరం. అది నీకు ఎప్పుడందింది? అమ్మతో చెప్పడానికి ముందా, తర్వాతా?

భాను

*

బిలాస్‌పూర్
జనవరి 2025

వదినా,

నీ ప్రశ్నకి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. చిన్న ప్రశ్నే. ముందు మిగతావి రాయనివ్వు.

బావకి నయమైంది. ఈసారి డాక్టరు ఆ మాటే వాడాడు. మొదట కళ్ళెలో పురుగు ఉంది, చివర లేదు, కనక నయం. నేను పోయినసారి వినాలనుకున్న మాట. కారిడార్‌లో నిలబడి విన్నాను, పక్కన బావ లేడు. ముందే లోపలికెళ్ళి కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు. నేను వస్తానని అతనికి తెలుసు.

అత్త ఆరు నెలలూ ఇక్కడే ఉండి మందులు మింగించింది. నీకు ఫోన్లో ఏం చెప్పిందో నాకు తెలియదు. పొద్దున్న రైల్వే షెడ్డు సైరన్ మోగేసరికి మాత్రలు సిద్ధం. ఒక్క పూట తప్పలేదు. తను జ్వరంతో పడుకున్న రోజున కూడా లేచి ఇచ్చింది. తెల్ల డబ్బా దేవుడి పటాల పక్కన పెట్టింది. ఆమె లేకపోతే అతను నిలబడేవాడు కాదు, ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

అతని గ్లాసు వేరు చేసింది. నేను చెప్పిన వారం లోపే. కంచం కూడా. నేను మళ్ళీ చెప్పాను, కౌన్సెలర్ అమ్మాయి చేత చెప్పించాను, తలూపింది. గ్లాసు మాత్రం వేరుగానే ఉంది. నాకు మింగుడుపడనిది ఇదే. అంటుకునే జబ్బుతో దగ్గుతుంటే ఒళ్ళో పెట్టుకుని మూతి తుడిచింది. అంటుకోనిదాని పేరు విన్నాక గ్లాసు వేరు చేసింది. టీవీ చూసేటప్పుడు అతను మంచం మీద, ఆమె కుర్చీలో. దసరాల్లో ఒకసారి నేను కూర తీసుకెళితే, ఆమె పెరట్లో ఉన్నప్పుడు బావ నాతో అన్నాడు, "మాత్ర వేళకి పెడతాది మాధవీ. చేతిలో పెట్టదు. బల్ల మీద పెడతాది."

ఈ సంగతి గురించి అతను నాతో అన్న మాట అదొక్కటే. తిట్టలేదు.

కాగితం వచ్చిన తర్వాతి వారం అత్త బండెక్కింది. నువ్వు చూసే ఉంటావు, ఎలా ఉందో. బావ అడిగి కర్గీ రోడ్ స్టేషన్‌కి డ్యూటీ వేయించుకున్నాడు. ఈ క్వార్టర్ ఖాళీ చేశాడు. ఫోను చేస్తే రింగవుతుంది, ఎత్తడు. మొన్న ఆదివారం కట్నీ వైపు పాసింజరు ఎక్కి వెళ్ళాను. మా ఆయనకి పాత విద్యార్థిని చూడటానికని చెప్పాను. నేను కూడా ఊరూ ఇంటిపేరూ కల్పించడం నేర్చుకున్నాను.

ప్లాట్‌ఫారం చివర సిగ్నల్ రిలే గది బయట కూర్చుని ఉన్నాడు. బాగున్నాడు వదినా. బుగ్గలు నిండాయి. నన్ను చూసి లేచి నిలబడి, "మీరెందుకొచ్చారు ఇంత దూరం?" అన్నాడు.

మీరు. ఊహ తెలిసినప్పటినుంచీ ఏమే, ఒసే అన్న మనిషి. వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు. కుర్చీ తెప్పించాడు, టీ తెప్పించాడు, భవిత చదువు గురించి అడిగాడు, మా ఆయన ఆరోగ్యం అడిగాడు. పైఅధికారి భార్య వస్తే ఎలా మర్యాద చేస్తారో అలా చేశాడు. పొద్దుటి మాత్ర వేసుకుంటున్నావా అని అడిగాను. "వేసుకుంటున్నానండీ," అన్నాడు. అబద్ధం కాదు. ఆ నెల మాత్రలకి సరిగ్గా రోజు తప్పకుండా వచ్చాడని కౌన్సెలర్ అమ్మాయి ముందే చెప్పింది. తిరుగు బండి వచ్చేదాకా ఇద్దరం పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాం. బండి ఎక్కించి, అది కదిలేదాకా నిలబడ్డాడు.

ఇప్పుడు నీ ప్రశ్న.

ముందే అందింది. ఆ రోజు పొద్దున్నే. పోస్ట్‌మన్ గేటులో ఇస్తే అక్కడే నిలబడి చదివాను, సంచీలో పెట్టుకుని, ఆటో ఎక్కి నేరుగా క్వార్టర్‌కి వెళ్ళాను. దారంతా నాకు వినిపించింది పరీక్ష అన్న మాటే. ఇరవై ఏళ్ళు ఊగి ఊగి నేను ఒక త్యాగాన్ని కల్పించుకుని దాని నీడలో కూర్చున్నాను, అక్కడ ఉన్నది ఒక వేళాకోళం. కోపం వచ్చిందా అంటే, ఆ ఆటోలో నాకు తెలియలేదు. సిగ్గు మాత్రం వేసింది.

క్వార్టర్‌లోకి అడుగుపెట్టాక సంచీ, బట్టలు, కిటికీలో విప్పని మాత్రలు, అతని మొహం. అవన్నీ కూడా నిజమే. అతను చచ్చిపోతాడని నాకు స్పష్టంగా కనిపించింది. అత్తని వంటింట్లోకి పిలిచాను. జబ్బు పేరుతో సహా చెప్పాను అని నీకు రాశాను, గుర్తుందా? పేరు చెప్పకుండా కూడా చెప్పవచ్చు. రక్తంలో ఏదో లోపముంది, ఈ మాత్ర ఆపకూడదు అని చెప్పి ఉండవచ్చు. అంతమాత్రం చెప్పినా ఆమె సంచీ విప్పి ఉండేదేమో. నాకు ఆ వాక్యం ఆ క్షణాన తోచలేదు. తోచలేదో, తోచినా వద్దనుకున్నానో.

అతను బతికి ఉన్నాడు కనక, బతికించడానికే చెప్పాననుకోవడం సులువు. సులువుగా ఉంది కనకే నమ్మలేకపోతున్నాను. పోనీ, కసితోనే చెప్పాననుకుందామంటే, ఆ కిటికీలో మాత్రలు గుర్తొస్తాయి, అదీ నమ్మలేను. అతని కోసం చెప్పానా, పరీక్ష అన్న ఆ ఒక్క మాట కోసం చెప్పానా అన్నది నాకు తెలియదు వదినా. ఈ ఆరు నెలలూ తేల్చుకుందామనే నీకు రాయలేదు. తేలలేదు.

మాధవి